ఒక్క ఒత్తు దిద్దినవారి పేరు

కడపలో సి.పి. బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి, వేర్వేరు రాతప్రతులు పోల్చి పాఠాలు దిద్దించాడు. నిఘంటువు పనిలోనూ పండితుల సాయం ఉంది. 1852లో అచ్చయిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ముఖపత్రం మీద మాత్రం పేరు బ్రౌన్‌దే. ఏ మాట ఎవరు సరిచేశారో అందులో కనబడదు.

ఓపెన్ సోర్స్‌లోనూ పద్ధతి అదే: ఒకరు దిద్దుతారు, ఇంకొకరు సరిచూసి చేర్చుకుంటారు. కాకపోతే 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కోసం రాసిన గిట్, దిద్దినవారి పేరూ చేర్చినవారి పేరూ విడివిడిగా రాసిపెడుతుంది. రేపు టేకులపల్లి నుంచి ఎవరైనా ఒక లైబ్రరీలో తెలుగు ఒత్తు ఒక్కటి సరిచేసి పంపినా, వాళ్ల పేరు చరిత్రలో ఉంటుంది. "చిన్నదే కదా" అని మెయింటైనర్ ఆ మార్పును తనే మళ్లీ టైపు చేసి చేర్చుకుంటే మాత్రం, గిట్ ఉన్నా ఆ పేరు పోతుంది.