సోలెడు నుంచి లీటరు దాకా

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్ళే రహదారి మీద ఉంది సిల్తారా. స్పాంజ్ ఐరన్, ఉక్కు కర్మాగారాల ఊరు. కర్మాగారం వాడే నీటికి లెక్క కిలోలీటర్లలో ఉంటుంది. అదే ఊళ్ళో జ్వరం వచ్చిన బిడ్డకు తల్లి పట్టే మందు 5 మిల్లీలీటర్లు. ఒక కిలోలీటరులో అలాంటి మోతాదులు 2 లక్షలు పడతాయి. నాలుగో తరగతి పిల్లలు లెక్కల పుస్తకంలో దాటవలసిన దూరం ఇదే.

1931లో రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం పూర్తయింది. ఆ తర్వాత 1950ల చివర భిలాయి ఉక్కు కర్మాగారం వచ్చింది. పని వెతుక్కుంటూ ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతానికి చేరాయి. ఇలాంటి ఇంటి పిల్లల చెవిన మూడు రకాల కొలతలు పడతాయి. బళ్ళో లీటరు, మిల్లీలీటరు. నాయనమ్మ నోట గిద్దెడు, సోలెడు. ఛత్తీస్‌గఢ్ రైతు నోట కాఠా, ఖండీ. వీటి పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే, పిల్లలకు ఒక కొలతను మరో కొలతలోకి మార్చడం ఎలా నేర్పాలో కూడా తెలుస్తుంది.

పాత్రే కొలత

తెలుగులో కొలత పాత్రతోనే మొదలైంది. పాత్ర పేరు చివర ‘ఎడు’ చేరిస్తే చాలు, అది కొలత అయిపోతుంది: చెంబెడు నీళ్ళు, గరిటెడు నెయ్యి, బిందెడు పాలు. పాత్ర లేకపోతే చెయ్యే పాత్ర: పిడికెడు, చారెడు, దోసెడు. దుఃఖాన్ని కూడా మనవాళ్ళు పుట్టితోనే కొలిచారు.

ఆ పాత్రల మధ్య కట్టుదిట్టమైన లెక్క ఉండేది. 4 గిద్దెలు ఒక సోల. 2 సోలలు ఒక తవ్వ. 2 తవ్వలు ఒక మానిక. 2 మానికలు ఒక అడ్డ. 2 అడ్డలు ఒక కుంచం. 4 కుంచాలు ఒక తూము. 20 తూములు ఒక పుట్టి. అంటే కుంచానికి 64 గిద్దెలు. ప్రాంతాన్ని బట్టి పాత్రల పరిమాణం మారేది గానీ, రెట్టింపుల వరస పిల్లలకు కూడా కంఠస్థం. ఛత్తీస్‌గఢ్‌లోనూ 20 కాఠాలు ఒక ఖండీ. పుట్టికీ ఖండీకీ ఆ ఇరవై లెక్క ఒక్కటే.

ఇలాంటి వరస గణిత గ్రంథాల్లోకీ ఎక్కింది. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో కుడబం, ప్రస్థం, ఆఢకం, ద్రోణం అంటూ నాలుగేసి రెట్ల మెట్లు కట్టాడు. పావులూరి మల్లన ఆ గ్రంథాన్నే తెలుగు చేశాడు. 1150లో భాస్కరాచార్యుడు ‘లీలావతి’లో ఇంకో అడుగు వేశాడు. పొడవు, వెడల్పు, లోతు ఒక్కో మూర ఉన్న పాత్రలో పట్టేది ఒక ఖారి అన్నాడు. పొడవు కొలత నుంచి పాత్ర కొలతను పుట్టించడం ఎంత గొప్ప ఊహ!

లీటరు పుట్టుక

ఆరున్నర శతాబ్దాల తర్వాత ఫ్రాన్స్ కూడా ఆ దారే పట్టింది. అక్కడ పింటు అనే కొలత ఊరికో రకంగా ఉండేది. విప్లవ ప్రభుత్వం 1795 ఏప్రిల్ 7న చేసిన చట్టం లీటరుకు పేరు పెట్టింది. పాతకాలపు ‘లిత్రోన్’ అనే కొలత నుంచి వచ్చిన పేరది. మీటరులో పదో వంతు, అంటే 10 సెంటీమీటర్లు, అన్ని వైపులా ఉన్న ఘనంలో పట్టేది ఒక లీటరు. ద్రవాలకూ ధాన్యానికీ అదే కొలత అని ఆ చట్టం చెప్పింది. మన సోల కూడా అంతే కదా, బియ్యానికీ పాలకూ ఒకటే!

1901లో లీటరు నిర్వచనం మారింది. ఒక కిలో స్వచ్ఛమైన నీరు ఆక్రమించే చోటే లీటరు అన్నారు. దాంతో లీటరు, ఆ ఘనం కంటే 28 ఘన మిల్లీమీటర్లు ఎక్కువ తేలింది. నీటి బొట్టు కంటే తక్కువే అయినా శాస్త్రానికి అది తప్పే. 1964లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ మళ్ళీ ఘనానికే వచ్చింది. గుర్తుగా చిన్న ‘ఎల్’ రాస్తే 1 అంకెలా కనిపిస్తుంది కాబట్టి, పెద్ద ‘ఎల్’ కూడా రాయవచ్చని 1979లో ఒప్పుకుంది.

మన పార్లమెంటు 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం చేసింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ పద్ధతి దశలవారీగా అమల్లోకి వచ్చింది. ధాన్యం కిలోల్లోకి వెళ్ళింది, పాలూ నూనే లీటర్లలోకి వెళ్ళాయి. రెంటినీ కొలిచిన సోల మూలన పడింది.

బళ్ళో జారిన మెట్లు

పాత వరసలో ప్రతి మెట్టూ చేతికందే పాత్రే. గిద్దె కనబడేది, సోల కనబడేది, మానిక కనబడేది. కొత్త పద్ధతిలో లీటరుకూ మిల్లీలీటరుకూ మధ్య డెసిలీటరు, సెంటీలీటరు ఉన్నాయి. కానీ అవి మన ఇళ్ళలో వినబడవు. పిల్లలు ఒక్కసారిగా వెయ్యి మెట్లు దూకాలి. అందుకే 1 లీటరు 50 మిల్లీలీటర్లను 150 అని రాస్తారు. సరైన జవాబు 1,050. ఎప్పుడు గుణించాలో, ఎప్పుడు భాగించాలో తెలియక తికమకపడతారు.

తప్పు పిల్లలది కాదు. జారిపోయిన మెట్లను మనం తిరిగి అమర్చాలి. మందు సీసాతో వచ్చే 10 మిల్లీలీటర్ల మూత తీసుకోండి. పది మూతల నీళ్ళు ఒక గ్లాసులో పోయించి, నీరు నిలిచిన చోట గీత గీయించండి. అది 100. అలాంటి పది గ్లాసులు లీటరు సీసాలో పోయించండి. పదులు పదిసార్లు వంద, వందలు పదిసార్లు వెయ్యి. ఎక్కం కళ్ళెదుట నీళ్ళుగా మారుతుంది. తర్వాత 20 లీటర్ల నీళ్ళ క్యాను చూపించండి. అలాంటివి యాభై అయితే కిలోలీటరు. సిల్తారా పిల్లలకు కర్మాగారం వాడే నీటి లెక్క అప్పుడు అర్థమవుతుంది.

గుణకార భాగహారాల గుట్టు కూడా అక్కడే విప్పవచ్చు. పాత్ర చిన్నదైతే ఎక్కువసార్లు పోయాలి, కాబట్టి అంకె పెరుగుతుంది. పాత్ర పెద్దదైతే తక్కువసార్లు చాలు, కాబట్టి అంకె తగ్గుతుంది. కుంచాన్ని సోలతో నింపిన నాయనమ్మకు ఈ సూత్రం బడికి వెళ్ళకుండానే తెలుసు.

పంతులమ్మలకూ పంతుళ్ళకూ, తల్లిదండ్రులకూ ఒక విన్నపం. సున్నాలు చేర్చడం నేర్పే ముందు పిల్లల చేతికి పాత్రలివ్వండి. నాలుగు చుక్కలు ఒలికితే ఒలకనివ్వండి. ఇంట్లో పాత సోల, మానిక ఉంటే వాటినీ బయటికి తీసి, ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో పిల్లల చేతే కొలిపించండి. ఆ లెక్క వాళ్ళు మరచిపోరు.