వద్దన్నవాళ్లు 432 మంది

2019 జనవరి 15. మధ్యాహ్నం రెండు దాటింది. మీరు విరుదునగర్‌లో బస్సు దిగారు. పొంగలి పండగ కదా, బజారు వీధిలో ఒక్క షట్టరూ లేవలేదు. మామూలు రోజైతే ఇక్కడ నడవడానికి సందుండదు. మిరప బస్తా దించుతుంటే వీధి చివరున్న వాడికీ తుమ్ము వస్తుంది. కందిపప్పు, మినుములు, నువ్వుల నూనె, పల్లీ నూనె ఈ ఊళ్లో ఏ ధర పలికాయో తమిళ పేపర్లు ‘విరుదునగర్ మార్కెట్’ అని వేసుకుంటాయి. ఇవాళ ఆ వీధిలో ఉన్నవి రెండు మేకలు, నమిలి పారేసిన చెరుకు పిప్పి.

టీ కొట్టు ఒకటి తెరిచి ఉంది. బస్సులో తాగుదామని పార్సెల్ అడిగారు. కొట్టువాడు మీ చేతుల వైపు చూశాడు. గిన్నె లేదు. నెల మొదటి తారీఖు నుంచి రాష్ట్రమంతా ప్లాస్టిక్ సంచులు బంద్. టీని సంచీలో పోసి దారంతో మూతి బిగించే విద్య పదిహేను రోజుల కింద ఆగిపోయింది. నిలబడే తాగారు.

నిన్నటికి ఈ రాష్ట్రానికి ‘తమిళనాడు’ అని పేరు పెట్టి సరిగ్గా యాభై ఏళ్లు. 1969 జనవరి 14. ఆ పేరు కోసం శంకరలింగనార్ ఈ విరుదునగర్‌లోనే నిరాహార దీక్షకు కూర్చుని 1956 అక్టోబర్ 13న ప్రాణం వదిలాడు. అప్పటి ముఖ్యమంత్రి కామరాజ్ పుట్టిందీ ఈ ఊళ్లోనే. ఒక ఊరివాడు ఆకలితో అడుగుతుంటే అదే ఊరివాడు కుర్చీలో ఉన్నాడు. మనిషి పోయాక పేరు రావడానికి మరో పన్నెండేళ్లు పైనే పట్టింది.

కోవిల్‌పట్టి బస్సు కిక్కిరిసి ఉంది. ఒంటికాలి మీద నిలబడ్డారు. పక్కన ఎవరి ఒళ్లోనో పసుపు కొమ్మల కట్ట, ఆ ఆకులు మీ చెవిని గీరుతున్నాయి. సాత్తూరు వచ్చింది. వంతెన కింద వైప్పారు నది, ఇసక ఎక్కువ, నీళ్లు తక్కువ. కారసేవ్ అమ్మేవాళ్లు కూడా పండక్కి ఇళ్లకి పోయారు.

ఈ సాత్తూరుకి ఇప్పుడు ఎమ్మెల్యే లేడు. ముందుకు పోతే కోవిల్‌పట్టికి తూర్పున విళాత్తికుళం, ఆగ్నేయంలో ఒట్టపిడారం, ఆ రెంటికీ లేరు. ముఖ్యమంత్రి పళనిస్వామికి మద్దతు ఉపసంహరించుకుంటున్నామని గవర్నర్‌కు లేఖలిచ్చి అధికార పార్టీ చీలిక నేత దినకరన్ వెంట నడిచిన 18 మంది ఎమ్మెల్యేల్ని, ఈ మూడు చోట్ల వాళ్లతో సహా, 2017 సెప్టెంబర్ 18న స్పీకర్ అనర్హుల్ని చేశాడు. కేసు హైకోర్టుకెక్కింది. 2018 జూన్‌లో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. మూడో న్యాయమూర్తి అక్టోబర్ 25న స్పీకర్ చేసింది సరేనన్నాడు. ఎన్నిక తేదీ మాత్రం ఇంకా లేదు. నడుమ కోవిల్‌పట్టికి ఎమ్మెల్యేనే కాదు, ఏకంగా మంత్రే ఉన్నాడు, కడంబూర్ రాజు. ఒక ఊరికి మంత్రి, చుట్టూ మూడు ఊళ్లకు ఖాళీ కుర్చీలు. ఈ ఏడు మొక్కజొన్నకు కత్తెర పురుగు పట్టి ఆకులు జల్లెడైపోయాయి. విళాత్తికుళం రైతు ఆ కంకి తీసుకెళ్లి ఎవరికి చూపించాలి?

కోవిల్‌పట్టి బస్టాండు బయట మావ మోపెడ్ మీద కాలు ఆన్చి నిలబడి ఉన్నాడు.

“రా అప్పా. జనం జాస్తిగా ఉండారా?”

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మావకు తెలుగు రాయడం రాదు. పెళ్లి పత్రిక తమిళంలో అచ్చేస్తారు, బంధువుల్ని తెలుగులో పిలుస్తారు. వాళ్ల పెద్దలు ఏ తుంగభద్ర దాటి, ఏ ఏట ఈ నల్లరేగడికి దిగారో లెక్క చెప్పేవాళ్లు లేరు. ఆ రాకనే నవల చేసిన కి. రాజనారాయణన్‌ది ఇక్కడికి దగ్గర్లోని ఇడైసెవల్. అప్పటికి తొంభై అయిదు పైబడ్డ ఆయన పుదుచ్చేరిలో ఉండేవాడు. ఆయన తెలుగు మాట్లాడే ఇంట పుట్టి తమిళంలో రాశాడు.

ఊరికి పోయే ముందు మావ ఒక రేకుల షెడ్డు దగ్గర ఆపాడు. అగ్గిపెట్టెల కార్ఖానా. అతనిది కాదు, అందులో లెక్కలు రాస్తాడు. పండగ కాబట్టి తాళం. తాళం తీశాక ముందు వాసన మీద పడుతుంది: మైనం, జిగురు, కొద్దిగా కాలినట్టుండే మరో వాసన. గోడ వెంట చట్రాలు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కో చట్రంలో గాళ్లు పడ్డ సన్నటి చెక్క పట్టీలు, ఆ గాళ్లలో దువ్వెన పళ్లలా పుల్లలు. ముందు మైనంలో ముంచి, తర్వాత పొటాషియం క్లోరేట్ కలిపిన ముద్దలో తల ముంచితే అగ్గిపుల్ల అవుతుంది. ఎర్ర భాస్వరం పుల్లకు కాదు, పెట్టె పక్కన పూస్తారు. రెండూ ఒకదాన్నొకటి ముట్టుకుంటేనే మంట.

ఇక్కడ గాలి పొడి, వాన తక్కువ, పంట నమ్మకం లేదు. అందుకే ఈ పని ఇక్కడ నిలిచింది. 1922లో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా పోయి నేర్చుకొచ్చారు. అదే ఏడు తెల్లదొరల ప్రభుత్వం దిగుమతి అగ్గిపెట్టెల మీద గ్రోసుకు రూపాయిన్నర సుంకం వేసింది. ఖజానా నింపుకోవడానికి వేసిన సుంకం స్వీడన్ అగ్గిపెట్టెకు అడ్డుపడింది, శివకాశి అగ్గిపెట్టెకు గొడుగు పట్టింది.

మావ ఒక పెట్టె తీసి మీ అరచేతిలో పెట్టాడు. అప్పటికి 2007 నుంచీ దీని ధర ఒక్క రూపాయే.

“ఇది చేత్తో చేసిందా, మిషనుతో చేసిందా? చెప్పు.”

తిప్పి చూశారు. లేబుల్ కొంచెం వంకర. చేత్తోనే అన్నారు.

“పద్దెనిమిది శాతం” అన్నాడు మావ, నవ్వుతూ.

ఒకటిన్నరేళ్ల కింద జీఎస్టీ వచ్చినప్పుడు గీసిన గీత అది. చేతి అగ్గిపెట్టెకు 5 శాతం, తక్కిన వాటికి 18. మరి చేతిదని దేన్నంటారు? అయిదు పనులు లెక్కపెట్టారు: చట్రంలో పుల్లలు నింపడం, మందులో తలలు ముంచడం, పెట్టెలు నింపడం, లేబుళ్లు అంటించడం, కట్టలు కట్టడం. ఈ అయిదింట్లో ఏ ఒక్కటి కరెంటుతో నడిచినా అది చేతిది కాదు. ఈ షెడ్డులో ముంచేది మిషను, నింపేది ఆడవాళ్లు. నలభై జతల చేతులున్నా చట్టం దృష్టిలో చేతుల్లేవు. పక్క వీధిలో అచ్చం ఇలాంటి పెట్టే అయిదు శాతం మీద బయటికి పోతుంది. రెండు రకాల వాళ్లూ పన్ను మార్చాలనే అంటారు. ఎలా మార్చాలన్న దగ్గర ఒకరి ముఖం ఒకరు చూడరు. (2020 ఏప్రిల్ 1 నుంచి అన్నింటికీ 12 శాతం చేశారు. ఈ సాయంత్రం మావకు ఆ కబురు తెలియదు.)

రాత్రి. భోజనాలయ్యాయి. పొద్దున పొంగిన కుండ మెడకి కట్టిన పసుపు కొమ్మ వాడిపోయి అలాగే వేలాడుతోంది. అవ్వ మంచం మీద వక్క కొరుకుతోంది. పన్నెండున్నరకి మావ ఫోను మోగింది. కొడుకు. లండన్ పక్కన రెడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్కడ సాయంత్రం ఏడు.

“పడుకోలేదా అవ్వా? టీవీ చూస్తావుండా. ఇవాళ ఓటు.”

వాడు ఫోను టీవీ వైపు తిప్పాడు. బ్రిటన్ పార్లమెంటు. ఆకుపచ్చ తోలు బెంచీలు, సందు లేకుండా మనుషులు. 2016 జూన్ 23న అక్కడి జనం యూరోపియన్ యూనియన్ వదిలేద్దామని 51.9 శాతం ఓటేశారు. ఆ రాత్రే పౌండు ముప్పై ఏళ్లలో ఎన్నడూ లేనంత కిందికి జారింది. వాడు ఇంటికి పంపే డబ్బు రూపాయల్లో తగ్గింది కాబట్టి ఆ సంగతి ఈ ఇంట్లో అందరికీ గుర్తే. పోవడం ఖాయమైంది, ఎలా పోవాలన్నది మాత్రం రెండున్నరేళ్లుగా తేలలేదు. ప్రధాని థెరిసా మే 585 పేజీల ఒప్పందం తెచ్చింది. డిసెంబర్‌లో జరగాల్సిన ఓటింగును ఓడిపోతానని తెలిసి ఒక రోజు ముందు ఆపేసింది. ఇవాళ ఇక తప్పలేదు.

“ఎక్కడ చిక్కుకుంది?” మావ అడిగాడు.

కొడుకు ఐర్లండ్ సరిహద్దు గురించి చెప్పబోయాడు. బ్యాక్‌స్టాప్, కస్టమ్స్... మావ మధ్యలోనే చెయ్యెత్తాడు.

“ఆగు. అన్నదమ్ములు వేరుపడ్డారు. పొలం కొలిచి గట్టు వేయొచ్చు. బావినేం చేస్తారు?”

సరిగ్గా అదే. ఐర్లండ్ దీవిలో ఉత్తరపు ముక్క బ్రిటన్‌ది, తక్కిందంతా వేరే దేశం, యూరప్‌తోనే ఉంటుంది. నడుమ దాదాపు 500 కిలోమీటర్ల గీత. ముప్పై ఏళ్లు రక్తం కారాక 1998లో ఒప్పందం కుదిరింది, కాపలా గుడిసెలు పోయాయి. పాల బండి పొద్దున అటు, సాయంత్రం ఇటు. బ్రిటన్ వేరుపడితే ఆ గీత మీద సుంకం గేటు పెట్టాలి. గేటు పెట్టనంటే వేరుపడ్డట్టు కాదు. మే తెచ్చిన పత్రంలో, ఇంకో దారి దొరికేదాకా వాకిలి ఉమ్మడిగానే ఉంచుదాం అని రాసుంది. ఎన్నాళ్లో రాయలేదు. వేరుపడ్డాక గడప దాటడానికి మళ్లీ అన్న అనుమతి కావాలా అని ఒక వర్గం మండిపడింది. అసలు వేరుపడటమే వద్దని ఇంకో వర్గం. మే ప్రభుత్వాన్ని నిలబెట్టిన ఉత్తర ఐర్లండ్ పార్టీ వాళ్లు పదిమంది, మా ముక్కకు వేరే లెక్కేమిటని అడ్డం తిరిగారు.

తెరమీద సభ్యులు లేచి రెండు గుమ్మాల వైపు నడుస్తున్నారు. అక్కడ మీట నొక్కరు, ‘అవును’ అనేవాళ్లు ఒక నడవాలోకి, ‘కాదు’ అనేవాళ్లు ఇంకో నడవాలోకి. నడిచి పోతుంటే గుమ్మం దగ్గర తలలు లెక్కపెడతారు. టులిప్ సిద్దిక్ అనే సభ్యురాలు నిండు చూలాలు. ఆపరేషన్ వాయిదా వేయించుకుని చక్రాల కుర్చీలో వచ్చింది.

“పురుటి మనిషిని తెచ్చినారా?” అవ్వ వక్క ఉమ్మి లేచి కూర్చుంది. “వాళ్ల ఇండ్లల్లో పెద్దోళ్లు లేరా?”

ఒంటిగంట దాటింది. తెరమీద నలుగురు వరసగా నిలబడి తల వంచారు. ఒకడు కాగితం చదివాడు. అవును: 202. కాదు: 432.

సభలో కేకలు, స్పీకర్ బెర్కో గొంతు. 230 తేడా. అక్కడి ఆధునిక చరిత్రలో ఏ ప్రభుత్వమూ ఇంత తేడాతో ఓడలేదు. వద్దన్నవాళ్లలో 118 మంది మే సొంత పార్టీ వాళ్లే. కెమెరా బయటికి వెళ్లింది. చలిలో పార్లమెంటు ముందు రెండు గుంపులు, వదిలేద్దాం అనేవాళ్లు, ఉందాం అనేవాళ్లు. రెండు గుంపులూ గెంతుతున్నాయి. అవ్వ ఫోను దగ్గరికి లాక్కుని చూసింది.

“ఎవురు గెలిచినారు?”

“ఎవురూ గెలవలేదు అవ్వా.”

“మరి అందురూ ఎగురుతా ఉండారే?”

కొడుకు దగ్గర జవాబు లేదు. ఆ 432లో ఒక్కరోజు ముందే పోదామనేవాడున్నాడు, ఎన్నటికీ పోవద్దనేవాడూ ఉన్నాడు. ఒకే నడవాలో భుజాలు రాసుకుంటూ నడిచారు, అంతే.

“ఆ నాలుగొందల మందినీ కూచోబెట్టి, సరే, మీకేం కావాలో చెప్పండప్పా అని అడగరాదా?” అంది అవ్వ.

(అడిగారు. మార్చి 27న ఎనిమిది దారులు ముందుపెట్టి ఓటు పెట్టారు. ఎనిమిదింటికీ వద్దన్నవాళ్లే ఎక్కువ.)

ఫోను పెట్టేసేసరికి రెండు. మావ దీపం ఆర్పాడు. చీకట్లో కాసేపాగి అతని గొంతు: “ఆ పాప కడుపులో బిడ్డ బాగుండాలి.”

తెల్లారింది. పశువుల పొంగలి. వాకిట్లో ఆవు కొమ్ములకు మావ నీలం రంగు పూస్తున్నాడు. ఆవు తల విదిలించినప్పుడల్లా చుక్కలు పంచె మీద పడుతున్నాయి. అవ్వ కసురుతోంది, ఆవునో మావనో తెలియదు. రెడింగ్ నుంచి వాట్సాప్‌లో కబురు: ప్రతిపక్ష నాయకుడు కోర్బిన్ అవిశ్వాసం పెట్టాడు, దాని ఓటు ఈ రాత్రి.

“వాళ్లు పోయే రోజు ఎప్పుడన్నాడు?” మావ అడిగాడు.

మార్చి 29, రాత్రి పదకొండు గంటలకు. మన లెక్కలో తెల్లవారుజాము నాలుగున్నర, అప్పటికి 30వ తేదీ.

మావ రంగు బుడ్డి గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లాడు. గోడకు వేలాడే రోజుకో కాగితం కేలండర్‌ని కింది నుంచి పైకెత్తి, రెండున్నర నెలల కాగితాలు బొటనవేలితో గబగబా వదిలాడు. పంగుణి 15, శుక్రవారం. రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. దాని తర్వాతి కాగితం కూడా ఎత్తి చూశాడు.

“నాలుగున్నరా? బ్రహ్మ ముహూర్తమే పెట్టుకున్నారే” అన్నాడు.

కాగితాలు వదిలేసి మళ్లీ ఆవు దగ్గరికి పోయాడు. మార్చి 29 మీద నీలం బొటనవేలి ముద్ర పడింది.