వడ్రంగి బరమా – పిల్లరు డ్రిల్లు

గూడూరు ప్రాంతమున ఇంటివద్దనే కొయ్యపని చేసికొను వడ్రంగి యొకడు కొంతకాలము క్రిందట నాయొద్దకు వచ్చి ఒక ప్రశ్న వేసెను. బెజ్జములు వేయు యంత్రము, అనగా పిల్లరు డ్రిల్లు, కొనవలెనని ఆయన కుమారుడు పట్టుపట్టుచున్నాడట. ధనము వెచ్చించుటకు తండ్రికి సంకోచము లేదు. "మా తాతయు, తండ్రియు విల్లుబరమాతోనే బండ్లు చేసిరి. అంగడిలో ఇన్ని యంత్రములున్నవి. ఏది మంచిదో నాబోటివాడు తెలిసికొనుట ఎట్లు?" అని ఆయన సందేహము. నేను యంత్రము పేరేదియు చెప్పలేదు. బరమా చరిత్ర చెప్పితిని. పెద్దలారా! నేటి ప్రసంగమును ఆ చరిత్రయే. ఏలయన, ఈ యంత్రములోని ప్రతి భాగమును పూర్వపు వడ్రంగి పడిన ఏదో యొక కష్టమునకు సమాధానముగా పుట్టినది. ఆ కష్టము నెరిగినవానికి ఆ భాగమును పరీక్షించుటయు తెలియును.

బెజ్జము వేయుట మానవుడు నేర్చిన మిక్కిలి ప్రాచీనమైన పనులలో నొకటి. బెలూచిస్థానమునందలి మెహర్‌గఢ్ అనుచోట త్రవ్వకములలో దొరకిన మానవదంతములను పరీక్షించి శాస్త్రజ్ఞులు 2006లో ఒక వింత ప్రకటించిరి. సుమారు 7,500 మొదలు 9,000 సంవత్సరముల క్రిందట అచ్చటివారు తొమ్మండుగురి నోళ్లలో పదునొకండు దంతములకు చెకుముకిరాతి మొనతో బెజ్జములు వేసియుండిరి. పూసలు తొలుచుటకై అలవరచుకొన్న నేర్పే దంతమునకును పనికివచ్చినదని పండితుల యూహ. పిమ్మట సింధునాగరికత కాలమున చన్హుదారో మొదలగు పట్టణములలో కార్నీలియను అను ఎఱ్ఱరాతి పూసలకు నిడుపాటి బెజ్జములు తిన్నగా తొలచిరి. ఈజిప్టుదేశమున, థీబ్సునగరమువద్ద రెఖ్మిరె అను మంత్రి సమాధిలో క్రీస్తునకు పూర్వము 15వ శతాబ్దపు చిత్రములు కలవు. అందొక వడ్రంగి విల్లుతో బరమా త్రిప్పుచు కొయ్యను తొలుచుచున్నాడు. మన పల్లెలలో నిన్నమొన్నటిదాక కనబడిన పని యదియే.

విల్లుబరమా పనితీరు మీరెరిగినదే. కొయ్యకదురునకు క్రిందిభాగమున ఇనుపమొన యుండును. పైభాగమున విడిగా తిరుగు పిడి యుండును. నడుమ విల్లునారి ఒక చుట్టు చుట్టబడియుండును. వడ్రంగి ఒక చేత పిడి నదిమిపట్టి రెండవచేత విల్లును ముందునకు వెనుకకు లాగును. పెద్ద బెజ్జమైనచో విల్లునకు మారుగా తోలుతాడు చుట్టి, ఒకడు పిడి నదుముచుండగా మరియొకడు తాడు లాగును. ఈ పనిముట్టు చవుకైనది, ఊరిలోనే చేసికొనదగినది. అయినను దీనిలో రెండు లోపములు కలవు. మొదటిది: కదురు ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు తిరుగును. కావున మొన రెండువైపుల గీకవలసినదే కాని, ఒకేవైపు కోయుచు పొట్టును పైకెత్తజాలదు. రెండవది: కదురును నిలువుగా నుంచునది వడ్రంగి కన్ను, చేయి మాత్రమే. అలసిన చేయి యొరగును. చేయి యొరగిన బెజ్జము నొరగును.

మొదటి లోపమునకు సమాధానము ఐరోపాలో 15వ శతాబ్దమునాటికి వచ్చెను. మెరోడు చిత్రఫలకమని ప్రసిద్ధిగాంచిన ఆ కాలపు చిత్రమున, యోసేపు అను వడ్రంగి వంకీపిడిగల బరమాతో పలకకు బెజ్జములు వేయుచున్నట్లు చిత్రింపబడినది. వంకీని గుండ్రముగా త్రిప్పినచో మొన ఎడతెగక ఒకేవైపు తిరుగును. ఒకేవైపు తిరుగు మొనకు మెలిక పెట్టవచ్చును. మెలికపెట్టిన మొన పొట్టును తానే పైకి తెచ్చును. ఉక్కుకడ్డీకి రెండు మెలికల కాలువలు తీసిన మొనకు అమెరికాలో స్టీవెన్ మోర్సు 1863లో హక్కుపత్రము పొందెను. నేడు ప్రతి అంగడిలో అమ్మబడు మెలికబిట్టు దాని సంతతియే. అడుగు చదునుగా నుండు వెడల్పు బెజ్జములు వేయు ఫార్‌స్ట్‌నర్ బిట్టు 1874లో వచ్చెను. బిట్టును నడుమ సరిగా పట్టుకొను మూడు దవడల చక్కునకు ఆర్థరు జేకబ్సు 1902లో హక్కు పొందెను.

రెండవ లోపమునకు, అనగా ఒరుగుటకు, సమాధానము వడ్రంగి యింట పుట్టలేదు. ఇనుపపనివాని శాలలో పుట్టినది. ఇనుమును తొలుచుటకు కావలసిన యదుము మనుష్యుని చేతికి మించినది. అందుచే 19వ శతాబ్దమున యంత్రశాలలవారు ఇనుపస్తంభము నిలిపి, దానికి బల్లను, తిరుగు కదురును అమర్చి, పిడిని త్రిప్పినచో కదురు తిన్నగా దిగునట్లు చేసిరి. మొదట ఆవిరియంత్రపు బెల్టులతో అవి నడచెను. 1889లో ఆస్ట్రేలియాయందలి మెల్‌బోర్నులో విద్యుత్తుతో నడచు డ్రిల్లునకు ఆర్నాటు, బ్రెయిను అను నిరువురు హక్కుపత్రము పొందిరి. 1895లో జర్మనీయందలి స్టుట్‌గార్టులో ఫైను సంస్థవారు చేతబట్టుకొను విద్యుత్ డ్రిల్లును చేసిరి. 20వ శతాబ్దపు పూర్వార్ధమున అమెరికాలో డెల్టా వంటి సంస్థలు గృహములలోని చిన్న కొయ్యపనిశాలలకు తగిన యంత్రములను అమ్మజొచ్చెను. మన దేశమున 1943లో సికింద్రాబాదునందు ప్రాగా టూల్సు, 1953లో బెంగుళూరునందు హిందుస్థాన్ మెషిన్ టూల్సు అను సంస్థలు ఏర్పడి యంత్రోపకరణముల తయారీకి దారి వేసినవి. రాజకోట, లూధియానా మొదలగు పట్టణములలోని చిన్న కార్ఖానాలు పిల్లరు డ్రిల్లులను సామాన్యునికి అందుబాటులోనికి తెచ్చినవి.

ఈ చరిత్రలో కొనువాడు గమనింపవలసిన విషయ మొకటి కలదు. మన యంత్రములు ప్రధానముగా ఇనుపపనివానిని ఉద్దేశించి చేయబడినవి. అందుచేతనే అంగడివాడు "ఇది 13 మిల్లీమీటర్లది, ఇది 20ది, ఇది 25ది" అని చెప్పును. అనగా ఉక్కులో అంత లావు బెజ్జము వేయగలదని యర్థము. వడ్రంగికి ఈ సంఖ్య చాలదు. ఆయనకు కావలసినది బిట్టు నడిమినుండి స్తంభమువరకు గల యెడము. ఆ యెడము 150 మిల్లీమీటర్లైనచో 300 మిల్లీమీటర్ల వెడల్పుగల పలక నడుమవరకు అందును. అంతకు మించి అందదు. అమెరికాలో ఈ యెడమును రెట్టించి యంత్రము పరిమాణముగా చెప్పుదురు. కాబట్టి ఒకే యంత్రమునకు ఒకచోట ఒక సంఖ్య, మరియొకచోట మరియొక సంఖ్య వినబడును. మాట నమ్మక కొలబద్దతో కొలుచుకొనుట మేలు.

తరువాత లోతు. పిడి త్రిప్పినపుడు కదురు ఎంత దిగునో అంతలోతు బెజ్జమే ఒక పట్టున పడును. చిన్న యంత్రములలో అది 50 మిల్లీమీటర్లకు మించకపోవచ్చును. మూడంగుళముల మందముగల కాడికొయ్యకు అది చాలదు. బల్ల నెత్తి రెండవమారు తొలువవచ్చును గాని, ఆ కదలికలో పాత ఒరుగుడే తిరిగి వచ్చు ప్రమాదము కలదు.

మూడవది వేగము. బిట్టు లావు రెట్టింపైన, ఒక చుట్టులో దాని అంచు నడచు దూరమును రెట్టింపగును. కావున 10 మిల్లీమీటర్ల బిట్టు నిమిషమునకు 1500 చుట్లు తిరుగుచోట 20 మిల్లీమీటర్ల బిట్టునకు 750 చుట్లు చాలును. రెండంగుళముల ఫార్‌స్ట్‌నర్ బిట్టునకు 500 చుట్లు గాని, అంతకు తక్కువగాని ఉండవలెను. లేనిచో కొయ్య మాడి నల్లబడును. బిట్టు పదును చెడును. యంత్రము తలపై మూత ఎత్తి, మెట్లుమెట్లుగానున్న పుల్లీలపై బెల్టును మార్చిన వేగము మారును. అన్నిటికంటె తక్కువ వేగమెంతయో తప్పక అడుగవలెను. వడ్రంగికి ఎక్కువ వేగముకంటె తక్కువ వేగమే అరుదైన గుణము.

నాలుగవది విద్యుత్తు. ఇండ్లకు సాధారణముగా సింగిలు ఫేజు విద్యుత్తే వచ్చును. త్రీఫేజు మోటారు గల యంత్రము చవుకగా దొరకినను ఇంట పనిచేయదు. ఒక హార్సుపవరన 746 వాట్లు. ఇంటి కొయ్యపనికి అర హార్సుపవరు మోటారు మొదలు ఒక హార్సుపవరు మోటారువరకు సరిపోవును. పెద్ద మోటారు చూచి మురిసి, పలుచని స్తంభముగల యంత్రము కొనువాడు బలము కొనును గాని నిలువును కొనడు.

ఈ నిలువే అన్నిటికి మూలము. దానిని పరీక్షించుటకు ఇంటిలోని పనిముట్లే చాలును. యంత్రము ఆపియుండగా చక్కులో నిక్కమైన తిన్నని కడ్డీని బిగింపుడు. బల్లపై మూలమట్టము నిలిపి కడ్డీకి ఎడమప్రక్కను, ముందుప్రక్కను ఆనించి చూడుడు. సందు కనబడిన బల్ల సరిగా లేదన్నమాట. కొన్ని బల్లలను ప్రక్కలకు సరిచేయవచ్చును. ముందునకు వాలిన బల్లను సరిచేయుట కష్టము. పిమ్మట చేతితో కదురును మెల్లగా త్రిప్పి కడ్డీకొన గిరగిర సుడి చుట్టుచున్నదేమో కనిపెట్టుడు. కదురును పూర్తిగా దింపి ప్రక్కకు కదలింపుడు. వదులుగా ఊగినచో ఆ యంత్రము వలదు.

ఇంత పట్టింపు ఎందుకని మీరడుగవచ్చును. మన పొలములోని గొర్రును తలచుకొనుడు. జడ్డిగములో సాలునకొక్కటిగా బెజ్జములుండును. విత్తనము వానిగుండ గొట్టములలోనికి జారి భూమి చేరును. ఒక్క బెజ్జము ఇరుకై వంకరపోయిన ఆ సాలు పలుచనగును. ఆ తప్పు రైతునకు పైరు మొలచినపిమ్మట గాని తెలియదు. గూడూరునుండి రేణిగుంట పోవు రైలుమార్గముననున్న వెంకటగిరిని తలచుకొనుడు. అచ్చటి నేతగాండ్ర జకార్డు మగ్గములలో పడుగుదారములను ఎత్తు త్రాళ్లు వరుసవరుసల బెజ్జములున్న పలకగుండ దిగును. ఆ బెజ్జములు సమదూరమున లేనిచో దారములు ఒకదానినొకటి ఒరసికొనును. ఒక బెజ్జమును తిన్నగా వేయుట ఉత్తమవడ్రంగి చేతికిని సాధ్యమే. నూరవ బెజ్జమును మొదటిదానివలెనే వేయుట స్తంభమునకే సాధ్యము. బల్లపై ఒక కొయ్యపలకను, దానిపై ఒక ఆనుబద్దను బిగించుకొన్నచో వరుస తప్పదు.

ఇక ఒక హెచ్చరిక. విల్లుబరమా చిక్కుకొన్న నారి జారును. మోటారు చిక్కుకొన్న ఆగదు, చేతిలోని కొయ్యను విసరును. బిట్టు పైనుండి చూచినపుడు గడియారపు ముల్లువలె తిరుగును. కావున యంత్రమున కెదురుగా నిలుచున్నవాడు పొడుగుపలకయొక్క ఎడమకొనను స్తంభమునకు ఎడమప్రక్క ఆనించి యుంచవలెను. పలక తిరుగబోయినను స్తంభమే దాని నాపును. చిన్న ముక్కలను చేత పట్టరాదు, బిగింపులతో పట్టవలెను. పైకండువా, వదులు చొక్కాచేతులు, చేతితొడుగులు దగ్గరకు రానీయరాదు. చక్కుతాళమును తీసినపిదపనే మీట నొక్కవలెను. యంత్రమును నేలకో బల్లకో మరలతో బిగింపక వాడరాదు.

ఆ వడ్రంగి నా మాటలు విని, మూలమట్టమును, ఒక తిన్నని కడ్డీని సంచిలో పెట్టుకొని కుమారునితో అంగడికి పోయెను. మొదటి యంత్రమునకు మోటారు పెద్దది, రంగు మెఱుగైనది. కాని దించిన కదురు ఊగినది. రెండవదాని మోటారు చిన్నది. కడ్డీకి మూలమట్టము అతికినట్లు నిలిచినది. కుమారుడు మొదటిదానివైపే చూచుచుండగా తండ్రి మూలమట్టమును అతని చేతికిచ్చి నీవే చూడుమనెను. ఆ పిల్లవాడు రెండింటిని స్వయముగా పరీక్షించి, మారుమాటాడక రెండవదానినే యెంచుకొనెను. తాతనాటి బరమాను వారు పారవేయలేదు. యంత్రపు బల్లమీది కెక్కని బండిదూలములకు నేటికిని దానితోనే బెజ్జములు వేయుచున్నారు. పనిముట్టు మారినను వడ్రంగి వెదకిన గుణము మారలేదు. బెజ్జము నిలువుగా నుండవలెను. యంత్రము కొనబోవువాడు ఆ యొక్క గుణమును తన కంటితో చూచి కొనినచో, వెచ్చించిన ధనము వృథాపోదు.