ప్రతి బిడ్డకూ ఒక లాప్‌టాప్

ప్రతి బిడ్డకూ ఒక లాప్‌టాప్ అనేది అభివృద్ధి చెందుతున్న దేశాల బడిపిల్లలకు చవకైన లాప్‌టాప్ కంప్యూటర్లను అందించే ఉద్దేశంతో 2005లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మొదలైన లాభాపేక్ష లేని పథకం. ఆంగ్లంలో దీనిని వన్ లాప్‌టాప్ పర్ చైల్డ్ అనీ, క్లుప్తంగా ఓ.ఎల్.పి.సి. అనీ అంటారు. ఈ పథకం కోసం తయారైన కంప్యూటరు పేరు ఎక్స్ఓ-1. తొలుత అనుకున్న ధర 100 డాలర్లు కావడం వల్ల ఇది "వంద డాలర్ల లాప్‌టాప్"గా ప్రసిద్ధి చెందింది. ఇరవై లక్షలకు పైగా కంప్యూటర్లు పిల్లల చేతికి చేరినప్పటికీ, వాటివలన చదువు ఎంతవరకు మెరుగుపడిందన్న విషయంపై తీవ్రమైన చర్చ జరిగింది.

నేపథ్యం

ఈ పథకానికి ఆధారమైన విద్యా సిద్ధాంతం సేమూర్ పాపర్ట్ అనే గణిత శాస్త్రవేత్తది. పాపర్ట్ స్విట్జర్లాండులో మనస్తత్వ శాస్త్రవేత్త జాఁ పియాజే వద్ద పనిచేసి, తరువాత మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో (ఎం.ఐ.టి.) ఆచార్యుడయ్యాడు. పిల్లవాడు చెప్పింది విని నేర్చుకోవడం కంటె, తన చేతులతో ఏదైనా నిర్మిస్తూ నేర్చుకున్నది బలంగా నిలుస్తుందని ఆయన భావన. పిల్లల కోసం రూపొందిన లోగో అనే కంప్యూటరు భాష సృష్టికర్తలలో ఆయన ఒకడు. 1972లో అలన్ కే అనే శాస్త్రవేత్త "డైనాబుక్" పేరుతో ఊహించిన, పిల్లలు చేతపట్టుకొని తిరగగల కంప్యూటరు కూడా ఈ ఆలోచనకు పూర్వరూపం.

ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ వ్యవస్థాపకులలో ఒకడైన నికొలాస్ నెగ్రోపాంటీ 2005 జనవరిలో దావోస్ ప్రపంచ ఆర్థిక వేదికలో ఈ పథకాన్ని ప్రకటించాడు. అదే సంవత్సరం నవంబరులో ట్యునీషియా రాజధాని ట్యునిస్‌లో జరిగిన సదస్సులో, అప్పటి ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ సమక్షంలో నమూనాను ప్రదర్శించారు. విద్యుత్తు లేని ఊళ్ళలో చేతితో తిప్పి నడుపుకొనేందుకు ఆ నమూనాకు పసుపుపచ్చని పిడి ఒకటి అమర్చారు. తుది రూపంలో ఈ పిడిని తొలగించారు.

ఆశయాలు

పథకం ఐదు సూత్రాలను పాటించింది.

1. కంప్యూటరు బడిది కాక బిడ్డ సొంతం కావాలి, ఇంటికి తీసుకువెళ్ళగలగాలి.
2. చిన్న వయసులోనే, అంటే ప్రాథమిక పాఠశాల స్థాయిలోనే ఇవ్వాలి.
3. ఒక ఊరిలోనో, ప్రాంతంలోనో కొందరికి కాక పిల్లలందరికీ ఇవ్వాలి.
4. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి, అంతర్జాలంతో అనుసంధానం కావాలి.
5. ఎవరైనా చూసి మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్టువేరునే వాడాలి.

"ఇది లాప్‌టాప్ పథకం కాదు, విద్యా పథకం" అనే అర్థంలో నిర్వాహకులు తరచూ చెప్పేవారు. అయితే ఈ ఐదు సూత్రాలలో ఉపాధ్యాయుని ప్రస్తావన లేకపోవడం గమనార్హం. తరువాతి విమర్శలలో అధిక భాగం ఈ లోపం చుట్టూనే తిరిగింది.

ఎక్స్ఓ-1 కంప్యూటరు

దీనిని తైవాన్‌కు చెందిన క్వాంటా సంస్థ 2007 నవంబరు నుండి భారీ ఎత్తున తయారుచేసింది. ఆకుపచ్చ, తెలుపు రంగులతో, చేతపట్టుకొనే పిడితో, పైకి లేచే రెండు చెవుల వంటి యాంటెన్నాలతో ఇది చూడటానికి ఆటబొమ్మలా ఉంటుంది. బరువు సుమారు ఒకటిన్నర కిలోలు. 433 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 మెగాబైట్ల మెమొరీ, 1 గిగాబైట్ నిల్వ సామర్థ్యం ఉన్నాయి. తిరిగే హార్డ్ డిస్కు గానీ, ఫ్యాను గానీ లేవు. దుమ్ము, నీటి తుంపరలు లోపలికి పోకుండా కీబోర్డును రబ్బరు పొరతో కప్పారు.

దీనిలో అన్నిటికంటె విశిష్టమైనది తెర. మేరీ లూ జెప్సెన్ రూపొందించిన ఈ 7.5 అంగుళాల తెర గదిలో రంగులతో కనిపిస్తుంది. ఆరుబయట ఎండలో సూర్యకాంతినే వాడుకొని నలుపు-తెలుపులో స్పష్టంగా చదవడానికి వీలిస్తుంది. చెట్టు కింద జరిగే బడులకు ఇది ఎంతో అనుకూలం.

లినక్స్ ఆధారిత "షుగర్" అనే సాఫ్టువేరును దీనికోసం ప్రత్యేకంగా తయారుచేశారు. ఇందులో రాయడం, బొమ్మలు గీయడం, సంగీతం, ప్రోగ్రాములు రాయడం వంటి "కార్యకలాపాలు" ఉంటాయి. పక్కనున్న కంప్యూటర్లు వైర్లు లేకుండానే కలిసి, ఇద్దరు పిల్లలు ఒకే బొమ్మను లేదా ఒకే వ్యాసాన్ని కలిసి తయారుచేయవచ్చు.

ధర, పోటీ

100 డాలర్ల లక్ష్యం నెరవేరలేదు. తయారీ మొదలయ్యే నాటికి ధర 188 డాలర్లకు చేరింది. పది లక్షల చొప్పున ప్రభుత్వాలు కొంటేనే ధర దిగుతుందని తొలుత భావించారు. నైజీరియా, బ్రెజిల్, థాయిలాండ్, లిబియా వంటి దేశాలు ఆసక్తి చూపినా అంత పెద్ద కొనుగోళ్ళు జరగలేదు. 2007 చివరిలో ఉత్తర అమెరికాలో 399 డాలర్లు చెల్లించినవారికి ఒక కంప్యూటరు ఇచ్చి, మరొకటి పేద దేశపు బిడ్డకు పంపే ఏర్పాటు చేశారు.

ఇంటెల్ సంస్థ క్లాస్‌మేట్ అనే పోటీ కంప్యూటరును తెచ్చింది. 2007 జూలైలో ఓ.ఎల్.పి.సి.తో చేతులు కలిపినా, 2008 జనవరిలో విడిపోయింది. అదే సంవత్సరం విండోస్ ఎక్స్‌పీని కూడా అనుమతించడానికి సంస్థ అంగీకరించింది. షుగర్ సాఫ్టువేరుకు నాయకత్వం వహించిన వాల్టర్ బెండర్ 2008 ఏప్రిల్‌లో సంస్థను వీడి షుగర్ ల్యాబ్స్‌ను స్థాపించాడు. 2009 జనవరిలో సంస్థ తన సిబ్బందిని సగానికి తగ్గించుకుంది.

అమలు జరిగిన దేశాలు

ఉరుగ్వే: 2007లో కార్డల్ అనే చిన్న ఊరిలో ప్రారంభమై, అధ్యక్షుడు తబరే వాస్కెస్ ప్రోత్సాహంతో "ప్లాన్ సేబల్" పేరున దేశమంతటా విస్తరించింది. 2009 నాటికి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల విద్యార్థులందరికీ కంప్యూటర్లు అందాయి. ప్రత్యేక సంస్థను నెలకొల్పి, బడులకు అంతర్జాలం, మరమ్మతు సదుపాయం, ఉపాధ్యాయులకు శిక్షణ ప్రభుత్వమే కల్పించింది. ఆంగ్ల ఉపాధ్యాయులు లేని బడులకు దూరం నుండి వీడియో ద్వారా పాఠాలు చెప్పించింది.

పెరూ: అన్నిటికంటె ఎక్కువ కంప్యూటర్లు కొన్న దేశం ఇది, సంఖ్య ఎనిమిది లక్షలు దాటింది. మొదట మారుమూల కొండప్రాంతాల ఏకోపాధ్యాయ పాఠశాలలకు పంపారు. వీటిలో చాలా బడులకు అంతర్జాలం లేదు. ఉపాధ్యాయులకు లభించిన శిక్షణ స్వల్పం. పాడవుతాయన్న భయంతో కొన్నిచోట్ల పిల్లలను ఇంటికి తీసుకుపోనివ్వలేదు.

నేపాల్: 2008లో లలిత్‌పూర్ జిల్లాలోని రెండు బడులలో మొదలైంది. అక్కడి స్వచ్ఛంద సంస్థ పాఠ్యప్రణాళికకు అనుగుణంగా "ఈ-పాఠ్" పేరుతో నేపాలీ భాషలో పాఠాలను తయారుచేసింది.

రువాండా: ఆఫ్రికాలో ఈ పథకాన్ని పెద్ద ఎత్తున అమలుచేసిన దేశం. రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు పంచారు.

భారతదేశం

2006లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ ఈ పథకాన్ని తిరస్కరించింది. తరగతి గదులు, ఉపాధ్యాయుల అవసరం ముందుండగా ఇంత ధనం వెచ్చించడం సరికాదనీ, బోధనాపరంగా దీని ఫలితం సందేహాస్పదమనీ అధికారులు అభిప్రాయపడ్డారు. అయినా 2007లో మహారాష్ట్రలోని ఖైరత్ అనే గ్రామంలో ఏకోపాధ్యాయ పాఠశాలలో చిన్న ప్రయోగం జరిగింది.

భారత ప్రభుత్వం స్వంతంగా మరింత చవకైన పరికరం కోసం ప్రయత్నించింది. 2009 ఫిబ్రవరిలో తిరుపతిలో "పది డాలర్ల లాప్‌టాప్"గా ప్రచారమైన పరికరాన్ని ప్రదర్శించారు. అది లాప్‌టాప్ కాదని తేలడంతో నిరాశ కలిగింది. 2011 అక్టోబరులో ఆకాశ్ టాబ్లెట్ విడుదలైంది. తొలి ఆకాశ్‌ల కూర్పు హైదరాబాదులో జరిగింది. వేగం, బ్యాటరీ, తాకుతెరల నాణ్యతపై విమర్శలు వచ్చాయి.

ఫలితాలు, విమర్శలు

పెరూలోని 319 గ్రామీణ పాఠశాలలపై ఇంటర్-అమెరికన్ అభివృద్ధి బ్యాంకు జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. కంప్యూటర్ల వాడకం బాగా పెరిగినా, గణితం, భాష పరీక్షలలో ప్రగతి కనబడలేదు. తార్కిక శక్తిని కొలిచే పరీక్షలలో మాత్రం కొంత మెరుగుదల కనిపించింది. ఉరుగ్వేలో 2014లో వెలువడిన పరిశీలన కూడా తొలి సంవత్సరాలలో గణితం, పఠనం మార్కులపై ప్రభావం లేదని తేల్చింది.

ఐతే ఉరుగ్వేలో పథకం ఆగిపోలేదు. గ్రామీణ, పట్టణ పిల్లల మధ్య, పేద, ధనిక కుటుంబాల మధ్య కంప్యూటరు అందుబాటులో ఉన్న అంతరం బాగా తగ్గింది. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు, అప్పటికే ఉన్న ఈ ఏర్పాటు పాఠాలు కొనసాగించడానికి తోడ్పడింది. పరికరాన్ని ఇచ్చి వదిలివేయక, దాని చుట్టూ ఉపాధ్యాయులను, పాఠాలను, మరమ్మతులను సమకూర్చడమే ఈ తేడాకు కారణమని విశ్లేషకులు భావిస్తారు. పరాగ్వేలో పథకాన్ని పరిశీలించిన మోర్గన్ ఏమ్స్ 2019లో వెలువరించిన "ది కరిజ్మా మెషీన్" అనే గ్రంథంలో, స్వయంగా నేర్చుకొనే కొద్దిమంది పిల్లలను చూసి అందరూ అలాగే నేర్చుకుంటారని ఊహించడం ఈ పథకపు మూల దోషమని వాదించింది.

ప్రభావం

2014లో బోస్టన్ నగరంలోని కార్యాలయం మూతపడింది. మయామీ కేంద్రంగా ఉన్న అనుబంధ సంస్థ కొంత కార్యక్రమాన్ని కొనసాగించింది. షుగర్ సాఫ్టువేరును స్వచ్ఛంద సేవకులు అభివృద్ధి చేస్తూ వచ్చారు. చిన్న, చవక కంప్యూటరుకు గిరాకీ ఉందని ఎక్స్ఓ నిరూపించిన తరువాతనే 2007 చివరినుండి నెట్‌బుక్ అనే తరగతి కంప్యూటర్లు మార్కెట్లోకి వచ్చాయి. కంప్యూటరు ధరను తగ్గించడంలో ఈ పథకం దారి చూపింది. బిడ్డకు చదువు అందించడానికి ధర తగ్గడం ఒక్కటే చాలదని కూడా దాని అనుభవమే తెలియజేసింది.