తెలుగు ఇంటి చెత్త: పెంటదిబ్బ నుంచి డంపింగ్ యార్డు వరకు

రెండు మూడు తరాల కిందటి వరకు తెలుగు పల్లెల్లో ఇంటి చెత్త చేరే చోటు పెంటదిబ్బ, అంటే పశువుల పేడ, కొట్టపు ఊడుపు, పొయ్యి బూడిద, పశువులు మేయగా మిగిలిన చొప్ప, వాకిట రాలిన ఆకూ అలమూ ఏడాది పొడుగునా చేరి మాగే ఎరువుకుప్ప. తొలకరికి ముందు ఎండాకాలంలో దాన్ని తవ్వి, బండ్లకెత్తి, చేలకు తోలేవారు. వంటింటి నుంచి దిబ్బ దాకా వచ్చేది స్వల్పమే. ఎందుకంటే బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు పశువులు తాగే కుడితి తొట్టిలో పడేవి, బూడిదలో కొంత అంట్లు తోమడానికీ కూరపాదుల మీద చల్లడానికీ పోయేది, చినిగిన చీరలు బొంతలయ్యేవి. దిబ్బ మీద పడ్డ ఎంగిలి విస్తరాకులు కూడా వానాకాలం వచ్చేసరికి ఎరువులో కలిసిపోయేవి.

అయితే పేడను పొలానికి తోలడం అనాదిగా ఒకే తీరున సాగిన ఆచారమని అనుకోరాదు. రాయలసీమ, బళ్లారి, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కనిపించే బూడిదదిబ్బలు నవీన శిలాయుగపు పశుపాలకులు వదిలిపోయినవి. 1957లో పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను తవ్విన పురాతత్వవేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్, పశువుల దొడ్లలో పేరుకున్న పేడను పలుమార్లు కాల్చడం వల్ల అవి ఏర్పడ్డాయని నిర్ణయించి, 1963లో ఆ విషయంపై గ్రంథం ప్రకటించాడు. ఎరువు కాగల పేడను అంతంత రాశులుగా ఎందుకు కాల్చారన్న ప్రశ్నపై పురాతత్వవేత్తల వాదం ఇంకా ముగియలేదు.

పెంటదిబ్బను ఆదర్శంగా చిత్రించడమూ సరికాదు. ఎండకు ఎండి వానకు తడిసే ఆ కుప్పలో నత్రజని, అంటే పైరుకు ఆకుపచ్చదనాన్ని ఇచ్చే పోషకం, చాలావరకు గాలిలోకో నీళ్లలోకో పోయేది. ఈ నష్టం తగ్గేలా, ఇండోర్‌లో 1924 నుంచి 1931 వరకు పనిచేసిన వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ చెత్తనూ పేడనూ పొరలుగా పేర్చి, తడుపుతూ, తిరగవేస్తూ మాగబెట్టే పద్ధతిని రూపొందించాడు. అంతకంటే పెద్ద లోపం సామాజికమైనది: చచ్చిన గొడ్డును లాగడం, మలాన్ని ఎత్తడం కొన్ని కులాల నెత్తిన మోపిన పనులు, చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లోనూ 2013లోనూ చట్టాలు చేయవలసి వచ్చింది. చెత్త వృథా కాని ఊరిలో ఆ చెత్తను మోసేవారి గౌరవం మాత్రం వృథా అయిందన్నది చరిత్రకారులు దాటవేయకూడని విషయం.

1960ల తర్వాత యూరియా బస్తా, ట్రాక్టరు పల్లెకు చేరడంతో ఎడ్లు తగ్గాయి, ఎడ్లతోపాటు కుడితి తొట్టీ పోయింది. ఆపైన పాలిథిన్ కవరు, గాజుపెంకు కలిసిన దిబ్బను చేలో వేయడానికి రైతు ఇష్టపడలేదు. దిబ్బ అంతరించడానికి జనం అలవాట్లు చెడటం కాక, దాన్ని కోరే చేను లేకపోవడమే మూలకారణమని చెప్పాలి. పట్టణంలో అసలే చేను లేదు. హైదరాబాద్ చెత్త ఊరి అంచున జవహర్‌నగర్‌లో గుట్టగా పెరిగింది. అలాంటి గుట్ట లోపల గాలి తగలక కుళ్లే తడి చెత్త నుంచి మండే గుణమున్న మీథేన్ వాయువు పుడుతుంది, దాని గుండా దిగిన వాననీరు విషపు ఊటగా మారి భూగర్భ జలంలో కలుస్తుంది.

చెత్త పారవేతపై పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఫలితంగా 2000లో దేశానికి తొలి పురపాలక చెత్త నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో వచ్చిన 2016 నిబంధనలు తడి, పొడి, ప్రమాదకర చెత్తలను విడదీసే బాధ్యతను ఇంటివారి మీదే ఉంచాయి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి మూడు రంగుల డబ్బాలు పంచారు. మన పట్టణాల చెత్తలో దాదాపు సగం తడిదే కాబట్టి, దాన్ని ఎండుటాకులతో కలిపి పెరటి గుంతలోనో మేడమీది కుండలోనో మాగబెట్టిన ఇంటి నుంచి బండికెక్కే బరువు సగానికి తగ్గుతుంది. కానీ ఇంట్లో విడదీసిన చెత్త వీధిలో మళ్లీ ఒకే బండిలో కలుస్తున్నంత కాలం రంగు డబ్బాల వల్ల ప్రయోజనం లేదు.