గుత్తికోయ పిల్లల సంక్షేమం

ఛత్తీస్‌గఢ్‌లో 2005 తర్వాత మావోయిస్టు వ్యతిరేక దళమైన సల్వాజుడుంకూ మావోయిస్టులకూ మధ్య పోరులో నలిగి ఉమ్మడి ఖమ్మం అడవులకు తరలివచ్చిన మురియా ఆదివాసులను ఇక్కడ గుత్తికోయలంటారు. కొత్తగూడెం, భద్రాచలం వైపు అడవుల్లో వీరి గూడేలున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగ అయిన వీరికి తెలంగాణలో ఆ గుర్తింపు లేదు. ఆ లోటు పిల్లల పళ్లెం దాకా రాకూడదు. 2013 ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ భోజనాన్ని, 2009 విద్యాహక్కు చట్టం 6–14 ఏళ్ల వారికి ఉచిత చదువును కులపత్రంతో ముడిపెట్టకుండానే ఇచ్చాయి. సౌకర్యాలిస్తే పోడు పెరిగి అడవి తరుగుతుందనే అభ్యంతరం ఉంది. పోడు తగాదా నిజమే, కానీ అది పెద్దలకూ అటవీశాఖకూ మధ్యది. పసివాడికి అంగన్‌వాడీ గుడ్డు ఆపినంత మాత్రాన ఏ చెట్టూ బతకదు. హక్కు ఉన్నా, బడి దూరమై, పాఠం తెలియని భాషలో సాగితే చేరిన పిల్లలూ నిలవరు. అందుకే గూడెంలోనే, వారి మాట వచ్చిన ఆయాతో నడిచే అంగన్‌వాడీ కేంద్రాలకే మొదట నిధులు దక్కాలి.