భాగం 6.4: ఒక మందు, ఒక చిక్కు – టి-కణాలు కేన్సర్‌ను గుర్తించిన కథ

రాజోలు వైపు నుంచి వశిష్ఠ గోదావరి దాటి, నరసాపురం మీదుగా వెళ్తే భీమవరం వస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో అక్కడ జన్మించారు. కోనసీమ విద్యార్థులకు ఆయన పొరుగువారే. ఆయన గురించి కీమోథెరపీ పాఠంలో చదివి వదిలేయడం మనకు అలవాటు. కాని టి-కణాల చరిత్రలోనూ ఆయన కృషికి చోటుంది.

1947 చివర బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియాతో బాధపడుతున్న పిల్లలకు అమినోప్టెరిన్ ఇవ్వడం మొదలుపెట్టాడు. లెడర్లీ ప్రయోగశాలల్లో సుబ్బారావు నాయకత్వంలో తయారైన మందు అది. ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడి కణవిభజనను ఆపుతుంది. 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది, అదీ తాత్కాలికంగానే. ఆ ఏడాదే సుబ్బారావు మరణించారు.

ఈ మందుకు దగ్గరి బంధువు మెథోట్రెక్సేట్. వేగంగా విభజన చెందేవి కేన్సర్ కణాలు మాత్రమే కావు. పరాయిదాన్ని గుర్తించిన టి-కణం కూడా అలాగే పెరుగుతుంది. (కీళ్లవాతానికి వారానికొకసారి వేసుకునే మాత్ర ఇదేనని మీలో కొందరికి తెలిసే ఉంటుంది.) అందుకే ఎముక మజ్జ మార్పిడి తరువాత, దాత టి-కణాలు రోగి చర్మం, పేగులు, కాలేయంపై దాడి చేయకుండా డొనాల్ థామస్ బృందం దీన్ని వాడింది.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ దాడికి గురైన రోగుల్లో లుకేమియా తిరగబెట్టడం తక్కువని 1979లో సియాటిల్‌లోని అదే బృందం ప్రకటించింది. తరువాతి కాలంలో దాత మజ్జ నుంచి టి-కణాలను ముందే తీసివేసి చూస్తే, దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా ఎక్కువగా తిరగబెట్టింది. అంటే రోగిని బాధించే కణాలే కేన్సర్‌నూ చంపుతున్నాయి. ఒకదాన్ని అణచి మరొకదాన్ని నిలుపుకోవడం ఎలా? దీనికి ముందు, టి-కణం అసలు దేన్ని చూస్తుందో తెలియాలి.

వైరస్ సోకిన కణాన్ని టి-కణం గుర్తించాలంటే వైరస్ ఒక్కటే చాలదని, ఆ కణంపై ఎంహెచ్‌సి అణువు కూడా సరిపోలాలని 1974లో జింకర్‌నాగెల్, డోహర్టీ ఎలుకల్లో చూపారు. కణం తన లోపలి ప్రోటీన్ ముక్కలను ఆ అణువులో పెట్టి పైకి చూపుతుందని తరువాత తేలింది. రోగి కణాలు చూపే ముక్కల్లో కొన్ని దాత టి-కణాలకు కొత్తవి. అవి లుకేమియా కణంమీదా ఉంటాయి, చర్మంమీదా ఉంటాయి.

మరి రోగి సొంత టి-కణాల సంగతి? 1991లో బ్రస్సెల్స్‌లో థియరీ బూన్ బృందం, ఒక మెలనోమా రోగి టి-కణాలు గుర్తిస్తున్న ముక్కకు మూలమైన మేజ్-1 జన్యువును వేరుచేసింది. పెద్దవారి ఆరోగ్యకర కణజాలాల్లో ఇది పనిచేసేది ముఖ్యంగా వృషణాల్లోనే. అక్కడి బీజకణాలపై ఎంహెచ్‌సి అణువులు లేవు కనుక టి-కణాలకు అవి కనబడవు.